పంపు విప్పే ముందు కేబుల్ విప్పండి: సోమశిల తెరచాప పడవ కేసు

పడవ కొల్లాపూర్ దగ్గరి సోమశిల రేవు మెట్లకు గుద్దుకున్న రోజు సాయంత్రమే దాని యజమాని సారు ఫోన్ చేశారు.

"తమ్మీ, న్యూట్రల్‌కు తెచ్చినా ఇంజన్ దిగుతలేదు. రివర్స్ పట్టుకుంటలేదు. ఇయ్యాల ఒక పుట్టి నలిగిపోయేది. ఇంజన్ డీజిల్ పంపు విప్పాల్నని చెప్పిండ్రు, పదిహేను వేలు అడిగిండ్రు. నువ్వొచ్చి చూసినంకనే ఇస్త."

నేను కొల్లాపూర్‌లో డీజిల్ పని చేస్తాను. ట్రాక్టర్లు, బోరు బండ్లు, జనరేటర్లు, అప్పుడప్పుడు రేవులో తిరిగే పడవల ఇంజన్లు. పడవ పని మాత్రం ఇక్కడ నేర్చుకున్నది కాదు. పాలమూరు వాళ్లకు బొంబాయి కొత్తేమీ కాదు కదా. మా నాన్న తట్ట పట్టుకుని పోయాడు, నేను పానాలు పట్టుకుని పోయాను. గేట్‌వే ఎదురుగా సముద్రంలో లంగరేసి ఉండే తెరచాప పడవల్లో ఒక ఉస్తాద్ దగ్గర ఆరేళ్లు చేశాను. తెరచాప పడవకు ఇంజన్ ఎందుకని ఇక్కడ చాలామంది అడుగుతారు. గాలి లేనప్పుడు ఇంటికి రావాలి, రేవులోకి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు పడవ మన చెప్పుచేతల్లో ఉండాలి. చిన్న డీజిల్ అందుకే. ఏడాదికి ఓ వంద గంటలు నడిస్తే ఎక్కువ. ఎక్కువ నడవకపోవడమే దాని జబ్బు. లివర్ నుంచి ఇంజన్‌కు ఒక కేబుల్ పోతుంది. నడిచే కేబుల్ కన్నా ఊరికే పడి ఉన్న కేబుల్ తొందరగా బిగుసుకుంటుంది.

సారుది వనపర్తి వైపు ఊరు. ఓడల మీద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. బొంబాయిలో ఒక పాత ఫైబర్ పడవ కొని లారీ మీద తెచ్చి శ్రీశైలం వెనక నీళ్లలో వేసుకున్నారు. పొడవు 26 అడుగులు, అడుగున బరువు రెక్క, రెండు సిలిండర్ల డీజిల్. ప్లేటు మీద 3000 ఆర్‌పీఎం అని ఉంది. వేగానికీ గేరుకీ కలిపి ఒకటే లివర్. రెక్క అడుగుకు తగులుతుందని పడవను ఒడ్డుకు దూరంగా లోతులో లంగరేస్తారు. అందుకని నా టూల్ బాక్సు, నేను, నా దగ్గర పని చేసే మా పిల్లాడు పుట్టిలో పోవలసి వచ్చింది. పుట్టి గుండ్రంగా తిరుగుతుంటే బాక్సు మీద ఒక కాలు వేసి కూర్చున్నాను. నడిపే అన్న నవ్వాడు. "భయపడకు, గిది మునగదు. నీ పానాలు మునుగుతయేమో గని." వానాకాలం, డ్యామ్ నిండి ఉంది. నిండు మట్టం 885 అడుగులంటే రేవు మెట్లలో చాలా వరకు నీళ్లలోనే ఉంటాయి. ఆ మెట్లకే ఆయన పడవ ముక్కు తగిలింది. ముక్కు మీద అరచేయి అంత రంగు ఊడింది, అంతే.

సారు చెప్పిన లక్షణాలు నాలుగు. లివర్ పూర్తిగా తోసినా మీటర్ 2100 దాటడం లేదు, బొంబాయిలో 2800 వచ్చేది. న్యూట్రల్‌కు తెస్తే ఒకసారి 1100 మీద రొద పెడుతుంది, ఇంకోసారి దానంతటదే ఆగిపోతుంది. రివర్స్ వేస్తే ఇంజన్ అరుస్తుంది గాని పడవ వెనక్కి రాదు. నడుస్తుండగా లివర్ మీది నుంచి చెయ్యి తీస్తే అది మెల్లగా వెనక్కి జారిపోతుంది.

ఇన్ని ఒకేసారి వింటే ఎవరికైనా పంపు మీదే అనుమానం వస్తుంది. రేస్ ఎక్కకపోతే డీజిల్ అందడం లేదని, ఆగిపోతే వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ పోయిందని. కానీ నాకు రెండో లక్షణం దగ్గర మనసు ఆగింది. ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ. అరిగిన పంపు అట్ల మాట మార్చదు. పంపు చెడితే రోజూ ఒకే రకంగా చెడ్డగా ఉంటుంది. మాట మార్చేది ఎక్కడో వదులైన వస్తువు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. పెట్రోలు కార్బురేటర్లో యాక్సిలేటర్ తొక్కితే గాలి తలుపు తెరుచుకుంటుంది. ఇట్లాంటి పాత డీజిల్‌లో ఆ తలుపు లేదు. గాలి ఎప్పుడూ పూర్తిగానే పోతుంది. మన లివర్ పోయి గవర్నర్ స్ప్రింగును బిగిస్తుంది లేదా వదులు చేస్తుంది. అంటే మనం డీజిల్ పోయడం లేదు. "ఇంత వేగంలో తిరుగు" అని గవర్నర్‌కు ఆర్డరు వేస్తున్నాం. ఎంత డీజిల్ పోయాలో అది చూసుకుంటుంది. ఆర్డరు సగమే అందితే పని సగమే చేస్తుంది, దాని తప్పేం లేదు. పంపు పక్కన కేబుల్ తిప్పే చిన్న చెయ్యి ఒకటి ఉంటుంది, అదే గవర్నర్ చెయ్యి. దానికి రెండు వైపులా రెండు స్క్రూలు ఉంటాయి. ఒకటి స్లో స్క్రూ. రెండోది గరిష్ఠ వేగం స్క్రూ, దానికి తీగ చుట్టి సీసం సీలు వేసి ఉంటుంది. ఆ సీలు జోలికి ఎవరూ పోకూడదు. అది పంపు బెంచి మీద పెట్టి సెట్ చేసేది, పడవలో కూర్చుని తిప్పేది కాదు.

మొట్టమొదట చేసిన పని ఇది: ఇంజన్ దగ్గర కేబుల్ చివరి ఫోర్కు పిన్ను పీకేశాను. కేబుల్ పక్కకు, ఇంజన్ పక్కకు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఆపే తీగ దగ్గర మా పిల్లాణ్ని కూర్చోబెట్టి స్టార్ట్ చేయించాను. డీజిల్ తాళం తిప్పితే ఆగుతుందని నమ్మకూడదు, దీనికి వేరే తీగ లాగాలి. అది ఎక్కడుందో తెలియకుండా గవర్నర్ చేతిని వేలితో ముట్టుకోను. ఇంజన్ వేడెక్కాక చూపుడు వేలితో ఆ చేతిని మెల్లగా గరిష్ఠం స్క్రూ తగిలే దాకా తోశాను. క్రాంక్ పుల్లీ మీద అతికించిన మెరిసే టేపుకు, చుట్లు లెక్కపెట్టే చేతి టాకోమీటర్ చూపిస్తే 3180. బరువు లేకుండా అంత వస్తే 3000 ప్లేటున్న ఇంజన్‌కు గవర్నర్ ఆరోగ్యంగా ఉన్నట్టే. మిస్సింగ్ లేదు, నల్ల పొగ లేదు. రెండు సెకండ్లు చూసి వదిలేశాను. అట్ల ఊరికే అరిపించడం మంచిది కాదు.

చెయ్యి వదలగానే స్ప్రింగు దాన్ని స్లో స్క్రూ దాకా లాక్కుపోయింది. ఇంజన్ 600 కు పడి, నాలుగు సార్లు ఊగి ఆగిపోయింది.

సారు ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం కథ సగం తెలిసిపోయింది. స్లో స్క్రూ ఎవరో వెనక్కి తిప్పారు. దాని లాక్‌నట్ మీద రంగు పగిలి కొత్త పానా గాటు ఉంది. న్యూట్రల్‌లో 1100 ఉంటుందని స్క్రూ వదులు చేశారు. అసలు ఆ 1100 స్క్రూ వల్ల వచ్చింది కాదు, కేబుల్ ఆ చేతిని స్క్రూ దాకా రానివ్వక మధ్యలో పట్టుకోవడం వల్ల వచ్చింది. తగలని స్క్రూ ఎంత తిప్పినా ఏమీ మారదు. మారడం లేదని ఇంకా తిప్పారు. ఏదో ఒక రోజు కేబుల్ జారి చెయ్యి పూర్తిగా వెనక్కి వచ్చేసరికి ఇంజన్ ఆగిపోయింది. స్లో స్క్రూ తిప్పుతుంటే వేగం మారకపోతే తిప్పడం ఆపి, అది దేనికైనా తగులుతోందా అని టార్చి వేసి చూడాలి. ఈ ఒక్క చూపుతో ఎంత పని తప్పుతుందో చెప్పలేను.

టార్చి వేసి కేబుల్ వెంట పోయాను. ఈ రకం కేబుల్ నెట్టుతుంది, లాగుతుంది కూడా. బండి క్లచ్ వైరు అట్ల కాదు, అది లాగడం వరకే. నెట్టితే వంగిపోతుంది. ఇందులో లోపల గట్టి ఇన్నర్, బయట గట్టి అవుటర్. ఇన్నర్ కదలాలంటే అవుటర్ రెండు చివర్లా కదలకుండా ఉండాలి. సారు ఇంజనీరు కాదు కాబట్టి జేబులోని బాల్‌పెన్ తీసి చూపించాను. పెన్ను గొట్టాన్ని గట్టిగా పట్టుకుని వెనక నొక్కితే ముందు ములికి బయటికొస్తుంది. గొట్టం మీద పట్టు వదిలి నొక్కితే పెన్నంతా ముందుకు పోతుంది గాని ములికి రాదు. ఆయన రెండు మూడుసార్లు నొక్కి చూసుకుని, "మరి మన గొట్టం ఎక్కడ వదిలింది?" అన్నారు.

ఇంజన్ పక్క బ్రాకెట్ దగ్గర. అవుటర్ చివర ఒక గాడి ఉంటుంది, ఆ గాడిలో చిన్న క్లాంపు కూర్చుని రెండు స్క్రూలతో బిగుస్తుంది. అందులో ఒక స్క్రూ లేనే లేదు. రెండోది వేళ్లతో తిరుగుతోంది. క్లాంపు గాడిలో నుంచి పక్కకు ఎక్కి అవుటర్ నున్నటి భాగాన్ని పట్టుకుని ఉంది. ఆ నల్లటి అవుటర్ మీద దాదాపు 12 మిల్లీమీటర్ల మేర రుద్దుకుని మెరిసే గీత పడింది. లివర్ తోసిన ప్రతిసారీ అవుటర్ అంత వెనక్కి తన్నుతోందన్నమాట. ఇన్నర్ వెళ్లాల్సిన దూరంలో 12 మిల్లీమీటర్లు గాలికి పోతున్నాయి.

ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. స్క్రూ కొత్తది వేసి, క్లాంపు గాడిలో కూర్చోబెట్టి బిగించాను. లివర్ బరువుగానే ఉంది. పైచివర విప్పి, పైకి నిలబెట్టి, ఇంజన్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా లోపలికి దించాను. పావుగంటలో వెన్నలా కదిలింది. స్లో స్క్రూ 850 కు తెచ్చాను. సారు సంబరంగా ఒక రౌండు తిప్పి వచ్చారు. టీ తాగి, డబ్బులు తీసుకుని ఇంటికొచ్చాను. తొమ్మిది రోజులకు మళ్లీ ఫోన్. "తమ్మీ, ముందుకంటే గట్టిగయింది."

ఈ కేబుళ్లు చాలా వరకు తయారీలోనే లోపల నూనె పెట్టి మూసి ఇస్తారు. బయటి నుంచి ఆయిల్ పోయకూడదు. ఆయిల్ లోపలి తుప్పును నానబెట్టి, ఒక చోట నుంచి ఇంకో చోటికి తీసుకుపోయి ముద్ద చేస్తుంది. బొంబాయిలో ఉస్తాద్ ఈ మాట వంద సార్లు చెప్పాడు. బిగుసుకున్న కేబుల్‌కు మందు లేదు, కొత్తది కొనడమే. నాకు తెలుసు. అయినా కేబుల్ కొల్లాపూర్‌లో దొరకదని, సారు ఎదురుచూస్తున్నారని, పని అయిపోయినట్టు కనబడాలని ఆయిల్ పోశాను. రెండోసారి పోయినప్పుడు కూలి తీసుకోలేదు.

రెండోసారి కేబుల్ మొత్తం బయటికి తీశాను. లివర్ ఉన్న చోటు చూస్తేనే సగం సంగతి అర్థమైంది. తెరచాప పడవల్లో ఈ లివర్ నిలబడి నడిపే చోట ఎత్తులో ఉండదు. చుక్కాని పట్టుకుని కూర్చునే గుంట పక్క గోడకు, పిక్కల ఎత్తులో ఉంటుంది. తాడు దానికి చుట్టుకుంటుంది, కాలు తగులుతుంది, నీళ్లు దాని సందులోంచి లోపలికి దిగుతాయి. అక్కడి నుంచి కేబుల్ కిందికి దిగి, బ్యాటరీ పెట్టె వెనక నుంచి మళ్లీ పైకి లేచి ఇంజన్ దగ్గరికి పోతుంది. కొత్త బ్యాటరీ పెద్దదని పెట్టెను వెనక్కి జరిపారు. దాంతో కేబుల్ పెట్టె మూలకు ఒరిగి జానెడు వెడల్పు కూడా లేని వంపు తిరిగింది. ఈ రకం కేబుల్‌కు వంపు అర్ధ వ్యాసం 8 అంగుళాలకు తగ్గకూడదని మా లెక్క. తెలియని వాళ్లకు సులువుగా చెప్పాలంటే, వంపులో ఒక పెద్ద స్టీలు బేసిను పట్టాలి. ఆ కింది వంపులోనే నీళ్లు నిలిచి ఇన్నర్ తుప్పు పట్టింది. కోసి చూశాం. రెండు అంగుళాల మేర ఎర్ర మట్టి నింపినట్టుంది, దాని మీద నా ఆయిల్ నల్లగా పూసి ఉంది.

ఇప్పుడు మొత్తం వరుస కుదిరింది. వంపులో ఇన్నర్ బిగుసుకుంది. బిగుసుకుంటే నెట్టిన బలమంతా అవుటర్ మీద పడింది. ఆ బలానికి క్లాంపు స్క్రూలు వదిలాయి. లివర్ బరువైందని ఎవరో ఫోర్కును గవర్నర్ చేతి మీద చివరి రంధ్రానికి మార్చారు, అక్కడైతే తేలిగ్గా తిరుగుతుందని. తేలికైంది, నిజమే. కానీ నడక, అంటే కేబుల్ కదిలే దూరం, చాలలేదు. నేను మొదటిసారి పోయినప్పుడు ఆ రంధ్రం సంగతి గమనించనే లేదు.

ఈ రంధ్రాల లెక్క చాలామంది వదిలేస్తారు, నాకైతే ఇందులోనే అసలు రుచి ఉంది. ఈ ఇంజన్‌లో గవర్నర్ చెయ్యి స్లో నుంచి ఫుల్‌కు సుమారు 60 డిగ్రీలు తిరుగుతుంది. 60 డిగ్రీలకు ఒక సౌకర్యం ఉంది. ఇరుసు నుంచి రంధ్రం ఎంత దూరమో, ఆ రంధ్రం ఈ చివర నుంచి ఆ చివరకు నేరుగా కదిలే దూరం కూడా అంతే. మూడు భుజాలూ సమానమైన త్రిభుజం, బడిలో గీసిందే. చేతి మీద మూడు రంధ్రాలు: 40, 50, 60 మిల్లీమీటర్ల దూరంలో. లివర్ పెట్టె దగ్గర థ్రాటిల్, అంటే వేగం కేబుల్ వైపు మొత్తం నడక స్కేలు పెట్టి కొలిస్తే 54 వచ్చింది. 60 రంధ్రంలో పెడితే 60 కావాలి, మన దగ్గర 54 ఉన్నాయి, ఎన్నడూ ఫుల్ తగలదు. అందులోంచి క్లాంపు 12 తినేస్తే ఇక 2100 కాక ఏమొస్తుంది? 40 రంధ్రంలో పెడితే 40 కే స్క్రూ తగిలి, మిగిలిన 14 మిల్లీమీటర్ల బలమంతా స్క్రూ మీద, కేబుల్ మీద పడుతుంది. సీలు వేసిన స్క్రూ వంగినవి చూశాను నేను. 50 రంధ్రం సరిపోతుంది. నాలుగు మిల్లీమీటర్లు చేతిలో ఉంటాయి, కేబుల్ లోపలి ఆటకు అవి కావాలి.

కేబుల్ ఆర్డరు ఇచ్చేటప్పుడు పాతది నేల మీద చాపి చివర నుంచి చివరకు కొలిచాను. 11 అడుగులు. ఇవి అడుగుల లెక్కన అమ్ముతారు. కొత్త దారి బ్యాటరీ పెట్టె పై నుంచి పెద్ద వంపుతో పోవాలి కాబట్టి 12 తెప్పించాను. పాతదాని కొలతే చెప్పి తెప్పిస్తే పాత వంపే మళ్లీ వస్తుంది. పాతదాని చివరల ఫోటోలు, మర సైజు కూడా పంపాను. కేబుల్, పార్సిలు కలిపి మూడు వేల లోపు అయింది. అది వచ్చే దాకా ఉండలేక మా పిల్లాడు "ట్రాక్టర్ది ఏదైనా ఏద్దాం అన్నా" అన్నాడు. ఊరి మధ్య ట్రాక్టర్ ఆగితే దిగి నడవొచ్చు, కృష్ణ మధ్యలో దిగి ఎటు పోతాం?

థ్రాటిల్ ముట్టే ముందు గేరు కేబుల్ చూశాం. ఒకే లివర్ ఉన్న పెట్టెలో మొదటి భాగం గేరు పడటానికి, ఆ తర్వాతి భాగం వేగానికి. గేరు పూర్తిగా పడక ముందే వేగం మొదలైతే క్లచ్ జారి కాలుతుంది. రివర్స్‌లో ఇంజన్ అరిచి పడవ రాకపోవడం అదే. గేరుబాక్సు చేతిని న్యూట్రల్‌లో టక్కుమని కూర్చున్న చోట గుర్తు పెట్టి కొలిచాను. ముందుకు 35 మిల్లీమీటర్లు, వెనక్కి 27. రెండూ కలిపి 62, కాబట్టి చెరో 31 రావాలి. ఫోర్కును కేబుల్ మర మీద తిప్పి సరిచేశాను. రివర్స్ ఒక్కసారికే పట్టుకుంది. గేరు ఆయిల్ కొంచెం నల్లబడి మాడిన వాసన వస్తోంది. మార్చేశాను. క్లచ్ ప్రాణం ఇంకా ఉంది.

ఆ తర్వాత థ్రాటిల్. ఇంజన్ ఆపి, లివర్ న్యూట్రల్‌లో పెట్టాను. గవర్నర్ చేతిని దాని స్ప్రింగుకే వదిలేశాను, అది స్లో స్క్రూ మీద కూర్చుంది. అవుటర్‌ను క్లాంపు గాడిలో కూర్చోబెట్టి రెండు స్క్రూలూ బిగించాను, కింద స్ప్రింగు వాషర్లు వేశాను. ఇప్పుడు ఫోర్కును మర మీద తిప్పుతూ దాని రంధ్రం, చేతి రంధ్రం ఎదురెదురుగా వచ్చేలా చూడాలి. చేతిని లాగి కలపకూడదు, ఫోర్కే దాని దగ్గరికి పోవాలి. పిన్ను వేలితో వేస్తే దానంతటది దిగాలి. దిగింది. తర్వాత పిన్ను తీసి, ఫోర్కును అర చుట్టు చేతిని స్లో వైపు వదిలే దిక్కుకు తిప్పి మళ్లీ పిన్ను వేశాను. ఆ అర చుట్టు వదులు ఉంటేనే, వేడికి ఏది ఎంత సాగినా, చెయ్యి తప్పకుండా స్లో స్క్రూ మీద కూర్చుంటుంది. నల్ల దారం లాంటి సందు కూడా ఉండకూడదు. పాత పోస్ట్‌కార్డు ముక్క దూర్చి చూశాను, దూరలేదు.

కేబుల్ చేతికి ఎలాంటి కోణంలో వస్తోందో కూడా చూడాలి. చెయ్యి సగం దూరం తిరిగినప్పుడు కేబుల్, చెయ్యి లంబంగా ఉంటే రెండు చివర్లా ఒకే తీరుగా తిరుగుతుంది. పాత బ్రాకెట్ వంగి ఉంది. తీసి, సమ్మెటతో సరిచేసి, ఒక పట్టీ చుట్టి పెట్టాను.

లివర్ ఫుల్ ముందుకు తోయించి చూశాను. గవర్నర్ చెయ్యి గరిష్ఠం స్క్రూకు తగిలింది, లివర్ పెట్టెలో ఇంకా వెంట్రుక వాసి నడక ఉంది. లాక్‌నట్ బిగించి, కొత్త స్టీలు స్ప్లిట్ పిన్ను వేసి రెండు కాళ్లూ విడదీశాను. చివరగా లివర్ పెట్టె లోపలి బిగుతు స్క్రూ. దాన్ని కాస్త బిగిస్తే లివర్ పెట్టిన చోటే నిలుస్తుంది. చెయ్యి తీస్తే వెనక్కి జారిపోయిందంటే కారణం ఇదే: గవర్నర్ స్ప్రింగు ఎప్పుడూ లివర్ను వెనక్కి లాగుతూనే ఉంటుంది, పట్టు ఇవ్వాల్సింది ఈ స్క్రూ. కొందరు దీన్ని మరీ గట్టిగా బిగిస్తారు. అట్ల చేస్తే రేపు కేబుల్ బిగుసుకుంటున్నా చేతికి తెలియదు. రెండు వేళ్లతో కదలాలి, వదిలితే నిలవాలి, అంతే.

స్టార్ట్ చేశాం. లివర్ మధ్య బొత్తాం లాగి గేరు పడకుండా వేగం ఒక్కటే పెంచి చూశాం, ఫుల్‌లో 3180, నా వేలితో వచ్చినంతే. న్యూట్రల్‌కు తెస్తే 850. పది సార్లు చేశాం, పది సార్లూ 850.

లంగరు తీసి నడిపాం. ఫుల్ తోస్తే 2550. అక్కడే ఆగింది.

సారు నా వైపు చూశారు. మూడు వేలు పెట్టించి, నాలుగు రోజులు తిప్పించుకుని 2550. "ఇగ పంపేనా మరి?" అన్నారు మెల్లగా. నేను ఇంజన్ మూత తీసి చూశాను. గవర్నర్ చెయ్యి స్క్రూను ముట్టుకునే ఉంది. ఆర్డరు పూర్తిగా అందుతోంది. పూర్తి ఆర్డరు ఉండి, ఖాళీగా 3180 వస్తూ, నీళ్లలో 2550 ఆగిందంటే బరువు ఎక్కువైందని అర్థం. అప్పటికి డీజిల్ ఫిల్టర్ కొత్తదే. పొగ కొద్దిగా నల్లగా ఉంది, ఇంజన్ మోస్తోంది.

ఆ రోజు తోడుగా వచ్చిన పుట్టి అన్న, నాకు అడగడానికి నోరు రాకముందే చొక్కా తీశాడు. "ఫంకకు వల సుట్టుకున్నదేమో సార్. నిండు నీళ్లల్ల వలలు తెగి కొట్టుకొస్తున్నయ్." ఇంజన్ ఆపించి, ఆపే తీగ లాగే ఉంచి, తాళం నా జేబులో వేసుకున్నాను. అన్న కొడవలి నోట్లో పట్టుకుని మునిగాడు. మూడు మునకలకు పిడికెడు నైలాన్ వల, దానికి చిక్కిన నాచు తెచ్చి పడవలో వేశాడు. షాఫ్టు చుట్టూ దారం ఉండలా చుట్టుకుపోయిందట. మళ్లీ నడిపితే 2800.

పడవలోని మీటర్ మాత్రం 2650 చూపించింది. సారు మళ్లీ కంగారు పడబోయారు. నా టాకోమీటర్ చూపించాను. ఆ మీటర్ ఆల్టర్నేటర్ నుంచి లెక్క తీసుకుంటుంది. బెల్టు అరిగి వదులైతే తక్కువ చెబుతుంది. బెల్టు బిగించాక తేడా యాభైకి వచ్చింది. అంటే మొదట ఆయన 2100 అని చెప్పినప్పుడు కూడా ఇంజన్ నిజానికి అంతకన్నా కొంచెం ఎక్కువే తిరుగుతోంది. పంపు విప్పాలని ధైర్యంగా చెప్పిన వాళ్లు ఆ మీటర్ నమ్మే చెప్పి ఉంటారు.

ఇంటికి వచ్చే ముందు కొబ్బరికాయ కొట్టమన్నారు సారు. మా పిల్లాడు కొట్టాడు. నేను మాత్రం గోళ్ల రంగు సీసా తీసి క్లాంపు స్క్రూల తల మీద, అవుటర్ మీద, బ్రాకెట్ మీద కలిసేలా ఒక ఎర్ర గీత గీశాను. మా ఇంట్లో ఆ సీసా ఎక్కడికి పోయిందని రెండు వారాలు వెతికారు. క్లాంపు కొంచెం కదిలినా గీత పగులుతుంది. నెలకోసారి టార్చి వేసి గీత చూడమని, గీత పగిలితే లివర్ తోయకుండా నాకు ఫోన్ చేయమని సారుకు చెప్పాను.

దసరాకు ఫోన్ చేశారు. గీత అట్లనే ఉందట. ఇప్పుడు ఆయన బాధ వేరు: బ్యాటరీ పెట్టె మూత తెరిస్తే కొత్త కేబుల్ అడ్డం వస్తోంది. వచ్చే వారం పోయి పెట్టెనే నాలుగు అంగుళాలు ముందుకు జరపాలి.